కుమ్మరి చేతుల సాక్ష్యం

పదకొండవ భాగం

కిందటి వారం మనం హెర్మెలిందా కుయిరిస్‌ను ఒక కుండ ముందు నిలబెట్టి ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయాం. ప్రభుత్వ ప్రయోగశాలలో పద్నాలుగేళ్ళ అనుభవం ఉన్న రసాయన నిపుణురాలిని వారం పాటు కుండ ముందు నిలబెట్టడం మర్యాద కాదని ఒప్పుకుంటూ, ఆమె అక్కడికెలా చేరిందో మరచినవారి కోసం నాలుగు మాటలు.

శాంటా రూఫినా దె లాస్ ఓయాస్ అనే ఊళ్ళో అందరూ కుమ్మరులే. వాళ్ళకు మట్టినిచ్చే గుట్టను దోన్ ప్లుతార్కో కొనేసి చుట్టూ కంచె వేయించాడు. ఊరి పునీతురాలి పండుగనాడు, బాకాలూ డోళ్ళూ చెవులు చిల్లులు చేస్తున్న వేళ, ఎవరో ఆయన ఛాతీలోకి ఒక తూటా దించారు. అంతకు మూడు రోజుల ముందు సంతలో నిలబడి "నీ కంచెకే నిన్ను వేలాడదీస్తా" అని అరిచిన నికనోర్ వారోకోను పోలీసులు వాడి బట్టీ దగ్గరే పట్టుకున్నారు. తుపాకీ దొరకలేదు. చూసినవాడు లేడు. ఉన్నదల్లా నికనోర్ చేతులను తుడిచిన నాలుగు గుడ్డముక్కలు. అవి ప్రయోగశాలలో గులాబి రంగు తిరిగాయి. 'పాజిటివ్' అన్న గడిలో గీత గీసి, కింద తన ప్రసిద్ధమైన సంతకం పెట్టింది హెర్మెలిందాయే. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి న్యాయమూర్తి ఆ గులాబి రంగును చూసి, నికనోర్ ఇంటికి వెళ్ళాలో జైలుకు వెళ్ళాలో చెబుతాడు.

నికనోర్ తల్లి దోన్యా కసిల్దా తొమ్మిది రోజులుగా మొదటి బస్సుకు వచ్చి ప్రయోగశాల మేడ మీది వరండాలో బల్ల మీద కూర్చుంటోంది. ఒట్టి చేతులతో ఒకరి గుమ్మం తొక్కడం ఆ ఊరివాళ్ళకు అలవాటు లేదు కనుక, మొదటి రోజే ఆకుపచ్చ పూత పూసిన చిక్కుడుగింజల కుండ ఒకటి తెచ్చి లోపలికి పంపింది. హెర్మెలిందా దాన్ని పెన్సిళ్ళకు వాడుకుంది. ఈ ఉదయం ఆమె సీసాలు సర్దుతుండగా పరీక్ష ద్రావకాలు రెండు మూడు చుక్కలు చింది ఆ కుండ అంచు మీద పడ్డాయి. అంచు గులాబి రంగు తిరిగింది.

కుండ ఎవరినీ కాల్చలేదు. అక్కడ ఆగాం.

హెర్మెలిందా పెన్సిళ్ళను బల్ల మీద కుమ్మరించి, కుండను వెలుతురులోకి తిప్పి చూసింది. ఆ మెరిసే పూత దేనితో వస్తుందో ఆమెకు తెలియనిది కాదు. ఆ ప్రాంతంలో పుట్టి, ఆ కుండల్లో ఉడికిన గింజలు తిని పెరిగిన మనిషి. సీసం అనే లోహాన్ని కాల్చి తీసిన పసుపు పొడిని నీళ్ళలో కలిపి, కుమ్మరులు ఆ పాలలో పచ్చికుండను ముంచి, అరచేతులతో తిప్పి తిప్పి పైకి తీస్తారు. తాతల నాటి నుంచి అంతే. పొడి గోళ్ళ సందుల్లోకి, చర్మపు ముడతల్లోకి దిగి, పెళ్ళికీ చావుకీ కూడా వదలదు. ఆమె బల్ల మీది పరీక్ష వెదికేది కూడా సీసాన్నే. ఈ రెండు సంగతులూ పద్నాలుగేళ్ళుగా ఆమె బుర్రలో పక్కపక్క ఇళ్ళలో కాపురముంటూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

"ఏంటి మేడం, కుండని విచారిస్తున్నారా?" అంది గుమస్తా చాయో తలుపు దగ్గర నిలబడి. చేతిలో మొక్కజొన్న ఆకు, ఆకులో సగం కొరికిన కుడుము. దోన్యా కసిల్దా రోజూ తెచ్చి వరండాలో అందరికీ పంచే కుడుములవి. "లాయర్ని పెట్టుకుందా మరి?"

"చాయో, తాళాల బీరువాలో నికనోర్ వారోకో కవరు ఉంటుంది. పట్రా. ఒక్కో గుడ్డలో సగం కత్తిరించి దాచిపెట్టాను."

"సీలు వేసి ఉందే?"

"సీలు నేనే వేశా. నేనే తీస్తా."

"మీ ఇష్టం. కోర్టుకి కాగితాలు మోసే ఫిదెన్సియో మాత్రం రెండున్నరకల్లా కోర్టు కాగితాలు కావాలని గోల పెడుతున్నాడు. వాడి బండి సంగతి తెలుసుగా, మూడో తన్నుకి గానీ లేవదు. ముసలి గాడిద కూడా రెండుకే లేస్తుంది."

తూటా అడుగున తుపాకీ సుత్తి దెబ్బకు ముందుగా అంటుకునే మందు చిటికెడు ఉంటుంది. తుపాకీ పేలినప్పుడు అది పొగై వెనక్కి చిమ్మి, కాల్చినవాడి చేతి వెనక భాగం మీద, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యన వాలుతుంది. అందులో సీసం ఒక్కటే ఉండదు. బేరియం కూడా ఉంటుంది. పుల్లని ద్రావకంలో తడిపిన తెల్లగుడ్డతో చెయ్యి తుడిచి, దాని మీద తేనీరు రంగు మందు చుక్కలు వేస్తే గులాబి రంగు పుడుతుంది. అక్కడితో పరీక్ష సగమే అయినట్టు. రెండో సీసాలోని పల్చటి ఆమ్లం పోస్తే సీసపు గులాబి నీలంగా మారుతుంది. బేరియం ఉంటే అక్కడక్కడ ఎరుపు తేలి నిలిచి ఉంటుంది. నీలమూ ఎరుపూ కలిసి కనబడితే తుపాకీ. ఒట్టి నీలమైతే, సీసం ముట్టుకున్న ఎవరైనా కావచ్చు.

రెండో సీసా ఎక్కడుందో వెదకడానికి హెర్మెలిందాకు పావుగంట పట్టింది. అలమార పై అరలో, ఎవరో బహూకరించిన గడియారం వెనక, మూత బిగుసుకుపోయి, మెడ చుట్టూ దుమ్ము మాలగా వేసుకుని ఉంది. దాన్ని ఆ పదవీ విరమణలోకి పంపినవారిని కాసేపట్లో మనం దర్శించుకుంటాం.

ఆమె ముందుగా పోలీసు శిక్షణ మైదానంలో తుపాకీ కాల్చిన ఒకడి గుడ్డ మీద పోసింది. నీలం, నీలం మధ్య ఎర్రటి చుక్కలు. తర్వాత నికనోర్ గుడ్డలు. నాలుగూ నీలం. ఎరుపు జాడ లేదు. అంతకన్నా సిగ్గుచేటు, అరచేతుల గుడ్డలు చిక్కగా, చేతి వెనకవి పలచగా ఉన్నాయి. కాల్చినవాడికి దీనికి తలకిందులుగా ఉండాలి. ఆ తేడా చూడటానికి రెండో సీసా కూడా అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. తొమ్మిది రోజుల కిందట ఆ కళ్ళు ఆమె మొహానే ఉన్నాయి.

ఇంకొక్క పని మిగిలింది. ఆమె వరండాలోకి వెళ్ళి దోన్యా కసిల్దా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"దోన్యా కసిల్దా, మీ చేతులు ఒకసారి తుడవచ్చా?"

డెబ్బై ఒక్క ఏళ్ళ ఆ మనిషి కారణం అడగలేదు. శాలువాలోంచి చేతులు తీసి, వేళ్ళు విడదీసి, మొదట చేతుల వెనకవైపు చూపింది.

"ముందు ఇటు, తర్వాత అరచెయ్యి. కుడిదైపోయాక ఎడమది. అంతే కదమ్మా?"

"అంతే. మీకెలా తెలుసు?"

"చూశాను కదా," అందావిడ.

కొడుకును పట్టుకున్న రోజు చూసి ఉంటుందని హెర్మెలిందా అనుకుంది. లోపలికి వచ్చి చుక్కలు వేసింది. ముసలి చేతుల గుడ్డలు గులాబి అయ్యాయి, తర్వాత నీలమయ్యాయి. కొడుకు చేతుల కన్నా చిక్కటి నీలం.

ఇక డైరెక్టరు, పట్టభద్రులకిచ్చే 'లిసెన్సియాదో' బిరుదు గల ఎవారిస్తో బోకనేగ్రా గారి సన్నిధి.

ఆ గదిలో అడుగుపెట్టినవారికి మొదట కనబడేది ఆయన కాదు. ఆయన వెనక గోడకు ఉన్న ఇత్తడి ఫలకం. 'బోకనేగ్రా సంక్షిప్త విధానం' అని దాని మీద చెక్కి ఉంది. పూర్వం రెండు సీసాలతో, అరగంటలో జరిగే పరీక్షను ఈ మహాశయుడు ఒక సీసాతో, ఆరు నిమిషాల్లో ముగించే మార్గం కనిపెట్టాడు. మార్గం ఏమిటంటే, రెండో సీసా వాడకపోవడం. ఇంత సులభమైన ఆలోచన అంతకుముందు ఎవరికీ తట్టనందుకు రాష్ట్రమంతా విస్తుపోయింది. మంత్రివర్యులు వచ్చి మెడలో పతకం వేశారు. నివేదిక ఫారంలో మునుపున్న ఐదు గడులు రెండయ్యాయి: పాజిటివ్, నెగటివ్. మనిషి తలరాతకు అంతకన్నా పొందికైన పట్టిక ఏ దేవుడూ అచ్చు వేయించలేదు.

హెర్మెలిందా కుండను ఆయన బల్ల మీద పెట్టింది.

"ఇవాళ నా పుట్టినరోజు కాదే," అన్నాడాయన కళ్ళజోడు సర్దుకుంటూ. "కూర్చో, హెర్మెలిందీతా. మొహం అలా వాడిపోయిందేం? అన్నం తిన్నావా?"

"సార్, నికనోర్ నివేదిక వెనక్కి తీసుకోవాలి. అది తుపాకీ మసి కాదు. కుండల పూత."

ఆమె గుడ్డముక్కలు వరసగా పేర్చింది. చివర తల్లివి పెట్టింది. ఆయన ఓపిగ్గా, ప్రదర్శనశాలలో పటాలు చూసినట్టు, ఒక్కొక్కటే చూశాడు.

"ఇది ఎవరిది? బాగా నీలంగా ఉంది."

"బయట కూర్చున్న దోన్యా కసిల్దాది. మన ఫారం ప్రకారం దోన్ ప్లుతార్కోను ఆవిడే కాల్చింది. కొడుకు కన్నా గట్టిగా కాల్చింది."

"వెటకారం నీకు నప్పదు, తల్లీ. అది వయసు మళ్ళిన మగాళ్ళ వ్యసనం. మాకు వదిలెయ్." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "రెండో సీసా ఎక్కడ దొరికింది?"

"గడియారం వెనక."

"ఆఁ. అక్కడే పెట్టించాను." ఆయన గొంతులో కోపం లేదు. పాత స్నేహితుడి క్షేమం విన్నట్టు ఉంది. హెర్మెలిందాకు మొదటిసారి భయం వేసింది. "నీకు తెలియదని నేను ఎప్పుడూ అనుకోలేదు, హెర్మెలిందా. యూనివర్సిటీలో రెండు సీసాలే నేర్పారు నీకు. నాకూ అదే నేర్పారు. చేరిన మొదటి వారం నువ్వొచ్చి అడిగావు కూడా. 'సార్, ఇంకో సీసా ఉండాలి కదా' అని. నేనేమన్నాను?"

ఆమెకు గుర్తుంది. "వద్దన్నారు."

"నువ్వేమన్నావు?"

'సరే సార్' అంది అప్పుడు. ఆ రెండు మాటలకు ఎంత బరువుంటుందో అప్పుడామెకు తెలియదు. ఇరవైల చివర్లో ఉన్న పిల్ల, మొదటి ఉద్యోగం, కొత్త తెల్లకోటు.

"అందుకని ఇప్పుడు మనిద్దరం ఒకే పడవలో ఉన్నాం. పడవ మాత్రం నీ పేరున రిజిస్టరై ఉంది. ఫలకం మీద నా పేరుంది, నిజమే. నివేదికల మీద? ఒక్కదాని మీదైనా బోకనేగ్రా అని ఉందేమో చూడు." ఆయన సొరుగు లాగి ఒక కాగితాల కట్ట తీశాడు. "నువ్వు సీలు తీశావని చాయో చెప్పగానే దస్త్రాలు తెప్పించాను. నికనోర్‌ది కాక ఆ ఊరి నుంచి, నీ సంతకంతో, ఈ పద్నాలుగేళ్ళలో పాజిటివ్‌లు ఇరవై మూడు."

ఇరవై మూడు. ఇరవై మూడు జతల చేతులు. అందరూ కుమ్మరులే. కుమ్మరులు కానివాళ్ళు ఆ ఊళ్ళో పాద్రీ, పోలీసు, దోన్ ప్లుతార్కో మాత్రమే.

"అందులో కాల్చినవాళ్ళు కూడా ఉండొచ్చు," అన్నాడాయన ఉదారంగా. "కొందరైనా ఉండే ఉంటారు. మనం అంత దురదృష్టవంతులం కాదులే."

"సార్, నాలుగింటికి—"

"తెలుసు. అందుకే టైపు కూడా చేయించాను. చదువుకో."

కాగితం మీద రెండు పేరాలు ఉన్నాయి. మొదటిది: నికనోర్ వారోకో గుడ్డలకు తేమ తగిలినందున ఆ ఫలితం చెల్లదు, నివేదికను ఉపసంహరిస్తున్నాం. రెండోది: ఈ పొరపాటు ఇదొక్కటే, జతచేసిన జాబితాలోని పూర్వ నివేదికలన్నీ పూర్తి విధానంతో జరిగినవేనని ధ్రువీకరిస్తున్నాను. జాబితా వెనక గుచ్చి ఉంది, అక్షరాలు కిందికి తిరిగి.

"పూర్తి విధానంతో జరిగాయని నేనెలా రాస్తాను?"

"అప్పటికి అమల్లో ఉన్న పూర్తి విధానం అదే కదా. నేను రాసిందే పూర్తి."

"ఇది అబద్ధం సార్."

"మొదటి పేరా కూడా అబద్ధమే. తేమ ఎక్కడిది? దానికి నీకు అభ్యంతరం లేదేం?" ఆయన నవ్వాడు. "ఒక అబద్ధం మనిషిని విడిపిస్తుంది, ఇంకొకటి మనల్ని విడిపిస్తుంది. విడివిడిగా అమ్మను. జత."

"సంతకం పెట్టకపోతే?"

"అనుమతి లేకుండా సాక్ష్యం సీలు ఎవరు తీశారన్న విచారణ మొదలవుతుంది. ఆ విచారణ తేలేదాకా పొద్దున నువ్వు చేసిన పరీక్ష పరీక్షే కాదు. నాలుగింటికి న్యాయమూర్తి బల్ల మీద గులాబి రంగు ఒక్కటే ఉంటుంది. ఆ కుర్రాడికి ముప్పయ్యేళ్ళ శిక్ష పడుతుంది. నీ మనస్సాక్షి మాత్రం మచ్చ లేకుండా ఉంటుంది. ఎంచుకో."

కిటికీ బయట ఎండ తెల్లగా కాస్తోంది. కింద ఆవరణలో ఫిదెన్సియో ఎవరితోనో పకపకా నవ్వుతున్నాడు. వీళ్ళందరూ ఎంత మామూలుగా ఉన్నారో అని హెర్మెలిందాకు ఆశ్చర్యం వేసింది.

"పేర్లు చూస్తావా?" అని అడిగాడు డైరెక్టరు, జాబితా అంచు పట్టుకుని, మర్యాదగా.

ఆ ప్రశ్నే ఆయన ప్రతిభకు శిఖరం. చూస్తే ఆమె సంతకం పెట్టలేకపోతుందని ఆయనకు తెలుసు. అది ఆమెకూ తెలుసని కూడా ఆయనకు తెలుసు.

"అక్కర్లేదు," అంది హెర్మెలిందా.

ఆమె సంతకాన్ని ఆ కార్యాలయంలో చూడముచ్చటగా చెప్పుకుంటారు. తండ్రి దస్తావేజులు రాసేవాడు. దొంగ సంతకానికి లొంగని సంతకం ఉండాలని చిన్నప్పుడే పలక మీద దిద్దించాడు. పేరు ముగిసినచోట గీత పైకి లేచి, వెనక్కి వంగి, కూజా పిడిలా గుండ్రంగా తిరిగి మళ్ళీ పేరును తాకుతుంది. ఈసారి కూడా అంతే అందంగా వచ్చింది. అందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"మంచి పని చేశావు," అన్నాడు డైరెక్టరు. "కుండ తీసుకెళ్ళు. నా బల్ల మీద సీసం ఉండకూడదు. ఆరోగ్యానికి మంచిది కాదట."

చాయో కాగితాన్ని సంచిలో పెట్టుకుని మెట్ల వైపు వెళ్ళింది. హెర్మెలిందా కుండను రెండు చేతులా పట్టుకుని వరండాలోకి నడిచింది. నడుస్తూ లెక్క సరిచూసుకుంది: ఒక మనిషి, బతికున్నవాడు, ఈ రాత్రి తన ఇంట్లో పడుకుంటాడు. మిగిలినవి పేర్లు. తాను చూడని పేర్లు. చూడనివాటి గురించి మనిషి ఎంతకాలం నిద్ర మానుకోగలడు? ఆ లెక్క దాదాపు సరిపోయింది. బల్ల దగ్గరికి చేరేసరికి ఆమె మొహాన చిరునవ్వు లాంటిదొకటి తయారైంది.

"దోన్యా కసిల్దా! మీ అబ్బాయి ఇంటికొస్తున్నాడు."

ముసలావిడ తలెత్తింది. ఏడవలేదు, దండం పెట్టలేదు. చేతులు చాచి కుండను అందుకుని, చంటిపిల్లను తీసుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుంది.

"ఏ అబ్బాయి, తల్లీ?"

పాపం, సంతోషంలో మాట తడబడిందనుకుంది హెర్మెలిందా. "నికనోర్! నివేదిక వెనక్కి తీసుకున్నాం. సాయంత్రానికల్లా వదిలేస్తారు."

"నికనోర్ సంగతి సరే." ఆవిడ కుండను బోర్లించింది. అడుగున, కాల్చకముందు పుల్లతో గీసిన రెండక్షరాలు. ఒకటి అంబ్రోసియో అనే పేరులో మొదటిది, ఇంకొకటి వారోకోలో మొదటిది. "మరి వీడో?"

హెర్మెలిందా ఆ అక్షరాలను చూసింది. ఏమీ అర్థం కాలేదు. లేదా అర్థం కావడానికి ఆమెలో ఏదీ ఒప్పుకోలేదు.

దోన్యా కసిల్దా రవికెలో చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ కవర్లో మడిచిన కాగితం ఒకటి తీసి విప్పింది. మడతల దగ్గర చిరిగి, తెల్లదారంతో కుట్టిన కాగితం. రెండు గడులు. ఒకదాంట్లో గీత. కింద, పేరు ముగిసినచోట, గీత పైకి లేచి, వెనక్కి వంగి, గుండ్రంగా తిరిగింది.

"నాకు అక్షరాలు రావమ్మా," అందావిడ, తప్పు ఒప్పుకుంటున్నట్టు. "కానీ కూజాకి పిడి ఎలా అతకాలో తెలుసు. ఇంత బాగా అతికే చెయ్యి ఒక్కటే ఉంటుంది. నికనోర్ కాగితం మీద మళ్ళీ చూడగానే గుర్తుపట్టా. నా పెద్దాడు అంబ్రోసియోని తీసుకెళ్ళి పదకొండేళ్ళయింది. అప్పుడు కూడా ఈ కుండే తెచ్చాను. అప్పుడు గుమ్మంలోంచే పంపేశారు."

"తొమ్మిది రోజులుగా... మీరు ఒక్క మాటైనా అనలేదు."

"నిన్ను తిడితే చేతులు సరిగ్గా చూస్తావా? కుడుములు పెట్టాను." ఆవిడ కాగితాన్ని జాగ్రత్తగా మడిచింది. "పొద్దున నువ్వు నా చేతులు తుడిచినప్పుడు అనుకున్నా, ఇక ఇద్దరూ వస్తారని. ఇద్దరివీ ఒకే మట్టి, ఒకే పూత. ఒకడిది తప్పయితే ఇంకొకడిదీ తప్పే కదా. కాదా, తల్లీ?"

అక్షరాలు రాని ఆవిడకు తెలిసినది యూనివర్సిటీ చదివిన ఆవిడకు తెలియకుండా పోయింది. వెనక గుచ్చిన జాబితా, అక్షరాలు కిందికి తిరిగి, ఇరవై మూడు పేర్లు. పూర్తి విధానంతో జరిగినవేనని ధ్రువీకరిస్తున్నాను. ఇంకా ఆరని సిరా.

"అంబ్రోసియో ఎక్కడున్నాడిప్పుడు?" అని అడిగింది హెర్మెలిందా.

"అక్కడే. నువ్వు పంపిన చోటే."

కింద ఆవరణలో చాయో గొంతు, "ఇదిగో, జాగ్రత్తగా పట్టుకెళ్ళు, మళ్ళీ ఎక్కడా ఆగకు" అంటోంది. ఆ వెంటనే ఫిదెన్సియో బండి మొదటి తన్ను. ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది.

డైరెక్టరు గది తలుపు తెరిచే ఉంది. ఆయన గుమ్మంలోకి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ కాగితాన్ని ఆపితే నికనోర్ జైలుకు వెళ్తాడు. ఆపకపోతే అంబ్రోసియో ఇక బయటికి రాడు. మెట్లు మొత్తం ఇరవై రెండు.

దోన్యా కసిల్దా కుండను ఒళ్ళో నిటారుగా నిలబెట్టుకుని ఆమె మొహంలోకే చూస్తోంది.

రెండో తన్ను వినబడింది.